కుందేలు, గుంటనక్క, చిన్న రైఫిలు: ఆస్ట్రేలియా సేద్య చరిత్రలో ఒక అధ్యాయం

ఇరవయ్యవ శతాబ్దంలో ఆస్ట్రేలియా పల్లెసీమల రైతు కుటుంబాలు కొనుక్కున్న మొదటి తుపాకి చాలావరకు ఒకే కోవకు చెందినది. గొట్టపు వ్యాసం 0.22 అంగుళం, అంటే ఐదున్నర మిల్లీమీటర్లకు కొంచెం పైన. బరువు మూడు కిలోలకు అటూ ఇటూ. తూటా నిడివి ఒక అంగుళం. యుద్ధానికి గాని, పెద్ద మృగాల వేటకు గాని అది ఉద్దేశించినది కాదు. పచ్చికను తినివేసే కుందేళ్లను, ఈనిన గొర్రెల చుట్టూ తిరిగే గుంటనక్కలను అదుపులో పెట్టడానికి పలుగు, పార, ముళ్లతీగలతో పాటు సేద్యపు సామగ్రిలో చేరిన పనిముట్టు అది. రిమ్‌ఫైర్ రైఫిలు అని దానికి పేరు. ఆ ఖండపు నేల అనుభవించిన ఒక పెద్ద ఉపద్రవంతో ఈ చిన్న ఆయుధపు చరిత్ర పెనవేసుకొని ఉన్నది.

ముందుగా తెలుగు పాఠకులు గమనించవలసిన భేదం ఒకటి ఉన్నది. మన మెట్టపొలాలలో కనిపించే కుందేలు, కొన్ని సీమలలో చెవులపిల్లి అని పిలిచేది, బొరియ తవ్వదు. పొదచాటున నేలమీదనే పడుకుంటుంది. దాని కూనలు కళ్లు తెరుచుకొని, ఒంటినిండా బొచ్చుతో పుడతాయి. ఐరోపా కుందేలు జాతి వేరు. అది నేలలో సొరంగాలు తవ్వుకొని గుంపులుగా కాపురముంటుంది. పిల్లలు కళ్లు తెరవకుండా, బొచ్చు లేకుండా పుట్టి బొరియలోనే ఎదుగుతాయి. మేత దొరికితే ఒకే ఏడాది పలుమార్లు ఈనుతుంది. కంటికి కనిపించని ఆ భూగర్భ నివాసమే దాని బలం. ఇక ఆస్ట్రేలియాకు చేరిన ఎర్ర గుంటనక్క మన మైదానాలలోని చిన్న గుంటనక్కకు బంధువే గాని దానికన్నా పెద్దది. నాలుగు నుంచి ఎనిమిది కిలోల వరకు తూగుతుంది. కుందేలు బరువు ఒకటిన్నర కిలోలకు అటూ ఇటూ. రైఫిలు ఎంపికలోని చిక్కు చాలావరకు ఈ బరువుల తేడాలోనే ఉన్నది.

ఈ రెండు జంతువులలో ఏదీ ఆస్ట్రేలియాకు తనంతట తాను రాలేదు. 1788లో వచ్చిన తొలి ఆంగ్ల నౌకలలోనే పెంపుడు కుందేళ్లు ఉన్నాయి. కాని అవి అడవి పట్టలేదు. విక్టోరియా రాష్ట్రంలో వించెల్సీ సమీపాన బార్వన్ పార్క్ అనే ఎస్టేటు యజమాని థామస్ ఆస్టిన్ 1859లో ఇంగ్లండు నుంచి సుమారు రెండు డజన్ల కుందేళ్లను తెప్పించాడు. పుట్టిన దేశంలో అలవాటైన వేట వినోదం వలస దేశంలోనూ సాగాలన్నదే ఆయన కోరిక. ఖండమంతటా వ్యాపించిన సంతతికి ప్రధాన మూలం ఆ ఒక్క దిగుమతేనని 2022లో వెలువడిన జన్యు పరిశోధన నిర్ధారించింది. 1867లో విక్టోరియా రాణి కుమారుడు ఆల్‌ఫ్రెడ్ అదే ఎస్టేటులో కుందేళ్ల వేట సాగించాడు. అప్పటికి అది గొప్పగా చెప్పుకోదగిన అతిథి మర్యాద.

గుంటనక్కలను తెచ్చినది కూడా వేట కోసమే. అశ్వారూఢులై, జాగిలాలతో తరిమే ఆంగ్ల ప్రభువుల క్రీడ కోసం. ఇక్కడ నీలగిరులతో ఒక పోలిక తోస్తుంది. ఉదకమండలంలోని ఆంగ్లేయులకూ ఆ క్రీడపై మమకారం తక్కువేమీ కాదు. కాని వారు గుంటనక్కలను ఓడకెక్కించి తీసుకురాలేదు. కొండల మీద దొరికే మామూలు నక్కనే తరిమి తృప్తిపడ్డారు. ఊటీ వేట సంఘపు చరిత్ర అంతా నక్కల వెంట పరుగే. ఆ సర్దుబాటు నీలగిరుల పాలిట ఎంతటి అదృష్టమో ఆస్ట్రేలియాను చూస్తే తెలుస్తుంది. ఆ కాలపు వలస సమాజానికి పరదేశపు జీవులను తెచ్చి నాటడం ఒక వ్యసనమయింది. మన గోరింకను సైతం పురుగులను తింటుందన్న ఆశతో 1862లో మెల్‌బోర్న్‌లో వదిలారు. అదీ పిదప పీడగానే పరిణమించింది.

కుందేళ్లు విక్టోరియాను దాటి న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ భూములను ఆక్రమించాయి. వాటి వెనుకనే గుంటనక్కలు నడిచాయి; మేత ఎటు పోతే మేసేవాడూ అటే. 1887లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం కుందేళ్ల నిర్మూలనకు మార్గం చెప్పినవారికి 25,000 పౌన్ల బహుమతి ప్రకటించింది. లూయీ పాశ్చర్ అంతటివాడు తన మేనల్లుడు ఆడ్రియన్ లువార్‌ను కోళ్ల కలరా సూక్ష్మజీవులతో సహా సిడ్నీకి పంపాడు. ఆ ప్రయత్నానికి అనుమతి లభించలేదు, బహుమతి ఎవరికీ దక్కలేదు. పశ్చిమ ఆస్ట్రేలియా 1901 నుంచి 1907 వరకు ఉత్తర దక్షిణాలుగా 1,833 కిలోమీటర్ల కంచె కట్టింది. కంచె పూర్తి కాకముందే కుందేళ్లు దానికి పడమటి వైపున కనిపించాయి.

ఇంతటి సైన్యానికి ఎదురు నిలిచిన చిన్న రైఫిలు పుట్టుక మాత్రం ఒక విలాసపు గదిలో జరిగింది. 1845 ప్రాంతంలో ఫ్లోబేర్ అనే ఫ్రెంచి తుపాకుల నిపుణుడు తుపాకి మందును రాజేసే చిన్న రాగి టోపీ మూతిలో ఒక సీసపు గుండును అమర్చాడు. అందులో వేరే మందు లేదు. టోపీలోని పేలుడు పదార్థపు బలమే గుండును నెట్టేది. ధనికుల ఇళ్లలో, విందు తరువాత గదిలోనే గోడకు తగిలించిన లక్ష్యాన్ని కొట్టి కాలక్షేపం చేయడానికి దానిని వాడేవారు. ఆ బొమ్మలాంటి తూటాను అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ కొంచెం పొడిగించి, మందు నింపి 1857లో తన చిన్న రివాల్వరుకు వాడింది. 1887లో అమెరికాకే చెందిన స్టీవెన్స్ కంపెనీ ఇంకా కొంత పొడవైన తూటాను, బరువైన గుండును జతపరచి .22 లాంగ్ రైఫిల్ అనే తూటాను రూపొందించింది. నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది అదే.

దాని నిర్మాణం తెలిస్తే గుణదోషాలు రెండూ తెలుస్తాయి. పెద్ద రైఫిళ్ల తూటాలలో రాజుకునే మందు అడుగుభాగపు నడుమ ప్రత్యేకమైన చిన్న గిన్నెలో ఉంటుంది. రిమ్‌ఫైర్ తూటాలో అది అడుగున చుట్టూ ఉన్న బోలు అంచులోనే నిండి ఉంటుంది. సుత్తి మొన ఆ అంచును నలిపితే మంట పుడుతుంది. అంచు నలగాలంటే ఇత్తడి రేకు పలుచగా ఉండాలి. రేకు పలుచనయితే లోపలి ఒత్తిడి మితంగా ఉండాలి. కనుక గుండు వేగమూ మితమే. కాల్చిన తూటాను మళ్లీ నింపుకొని వాడుకొనే వీలు లేదు. అయితే తయారీ సులువు, ధర స్వల్పం, శబ్దం తక్కువ, భుజానికి తగిలే దెబ్బ నామమాత్రం. యాభై తూటాల పెట్టె చొక్కా జేబులో పడుతుంది. పన్నెండేళ్ల కుర్రవాడు సైతం బెదరకుండా కాల్చగలడు.

కుందేలు అక్కడ పీడ మాత్రమే కాదు, సంపాదన కూడా. చర్మాలు టోపీల పరిశ్రమకు పోయేవి. ఆస్ట్రేలియా సైనికుల శిరస్సుపై లోకమంతా గుర్తించిన వెడల్పు అంచు టోపీ కుందేలు బొచ్చుతో చేసిన ఫెల్టుదే. గడ్డకట్టించిన మాంసం ఇంగ్లండుకు ఎగుమతయ్యేది. 1930ల ఆర్థిక మాంద్యంలో పనులు లేని కుటుంబాలు కుందేలు మాంసం మీద బ్రతికాయి. దానికి నేలకింది మటన్ అనే పరిహాసపు పేరు వాడుకలోకి వచ్చింది. చర్మాల వృత్తివారు ఎక్కువగా ఇనుప కోరల ఉచ్చులనే నమ్ముకున్నారు. వేట తుపాకి చిల్లులు పొడిచిన చర్మానికి ధర పలకదు. తలకు గురిపెట్టిన .22 రైఫిలు గుండు ఒకటి చర్మాన్నీ, మాంసాన్నీ చెడగొట్టదు. అందుచేత వృత్తివారి ఉచ్చులకు పక్కన రైతు ఇంటి రైఫిలుకు చోటు దొరికింది.

1912లో న్యూ సౌత్ వేల్స్‌లోని లిత్‌గోలో ప్రభుత్వ ఆయుధ కర్మాగారం తెరుచుకున్నది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన పిదప సైనిక రైఫిళ్ల అవసరం తగ్గగా, ఆ యంత్రాలు రైతుల కోసం .22 రైఫిళ్లను చేయసాగాయి. టెన్నిస్ బ్యాట్ల మీద మనవారికి పరిచయమైన స్లాజెంజర్ పేరుతో అవి అమ్ముడయ్యాయి. వాటిలో సాదా రకం ఒక్క తూటా మాత్రమే పట్టేది. కాల్చిన ప్రతిసారీ బోల్టును వెనక్కు లాగి మరొక తూటా చేతితో పెట్టాలి.

ఇది లోపంగా కనిపిస్తుంది గాని, మొదటి రైఫిలు విషయంలో పెద్దలు దానినే గుణంగా ఎంచేవారు. ఒక్క తూటాయే ఉన్నదని తెలిసినవాడు గురి కుదిరేవరకు ఆగుతాడు. పదేసి తూటాలు వరుసగా వెళ్లే రైఫిలు చేతికి వస్తే తొలి గుండు తప్పినా రెండవది ఉన్నదన్న ధీమా పుడుతుంది. తప్పిన గుండ్లు ఎక్కడికి పోయాయన్న ఆలోచన పుట్టదు. పైగా బోల్టు వెనక్కు లాగి ఉంటే తుపాకి ఖాళీగా ఉన్నదని దూరాన ఉన్నవారికి కూడా తెలుస్తుంది. నలుగురు కలిసి కంచెలు దాటే చోట ఆ ఒక్క సౌకర్యం ప్రాణాలు కాపాడుతుంది. తరువాతి కాలంలో ఐదు తూటాల మేగజీన్ గల బోల్టు రైఫిళ్లు, ముఖ్యంగా చెకొస్లొవేకియాలోని బ్ర్నో నగరపు రైఫిళ్లు, ఆస్ట్రేలియా రైతుల మన్నన పొందాయి. ఉక్కు గొట్టం, గట్టి కొయ్య, ఒకే చోట పదేపదే పడే గురి. ఈ మూడింటితో అవి తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించాయి.

ఎంపికలో రెండవ విచారం తూటాకు సంబంధించినది. .22 లాంగ్ రైఫిల్ గుండు బరువు రెండున్నర గ్రాములకు కొంచెం పైన. దాని మందకొడి రకం ధ్వని వేగానికి లోబడి, సెకనుకు 320 మీటర్ల ప్రాంతంలో సాగుతుంది. ధ్వనిని దాటే రకానికి గాలిలో చురుక్కుమనే పగులు శబ్దం వస్తుంది. మందకొడి రకానికి ఆ పగులు ఉండదు. సంధ్యవేళ బొరియ బయట మేస్తున్న గుంపులో ఒకటి కూలినా తక్కినవి కాసేపు కదలకుండా ఉండేది అందువల్లనే. యాభై మీటర్ల దూరానికి గురి సరిచేసిన రైఫిలులో గుండు వంద మీటర్ల దగ్గరకు వచ్చేసరికి పదిహేను సెంటీమీటర్లకు పైగా దిగిపోతుంది. కనుక కుందేలు విషయంలో డెబ్బై మీటర్లు దాటి కాల్చవద్దన్నది అనుభవజ్ఞుల హద్దు. అయితే ఈ మందకొడి గుండుకు ఒక దుర్గుణం ఉన్నది. గట్టి నేలకో, నీటికో, రాతికో తగిలితే అది చితికిపోక ఎగిరి పక్కకు దూసుకుపోతుంది. మైలుకు పైగా దూరాన సైతం ప్రమాదం తేగలదు. మట్టి గట్టు వెనుక లేనిదే ట్రిగ్గర్ మీద వేలు పెట్టరాదన్న నియమం అందుకే వచ్చింది.

గుంటనక్క దగ్గరకు వచ్చేసరికి ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. రాత్రివేళ దీపపు వెలుగులో దాని కళ్లు నిప్పుకణికల వలె మెరుస్తాయి. కుందేలు కీచుకూతను అనుకరించే ఈల ఊదితే దగ్గరకు వస్తుంది గాని, అనుమానం తగిలితే దూరాననే నిలిచిపోతుంది. ఒకటిన్నర కిలోల కుందేలును తక్షణం పడగొట్టే గుండు అంతకు నాలుగు రెట్ల జంతువు డొక్కలో తగిలితే అది పడదు. గాయంతో పారిపోయి ఏ పొదలోనో, బొరియలోనో బాధపడి చస్తుంది. పీడను తొలగించే హక్కు రైతుకున్నంత మాత్రాన ఆ యాతనకు సమర్థన లేదు. సొంత గురి మీద నిజంగా నమ్మకం ఉన్నవాడు కూడా చిన్న తూటాతో యాభై మీటర్ల లోపల, తలకు తప్ప కాల్చరాదు. మాటలలో సులువైన ఈ నియమం ఆచరణలో తరచు ఉల్లంఘనకు గురయ్యేదే.

ఈ లోటును తీర్చడానికి కొన్ని తూటాలు వచ్చాయి. 1959లో వించెస్టర్ కంపెనీ .22 మాగ్నమ్‌ను ప్రవేశపెట్టింది. అదే వ్యాసపు గుండును సెకనుకు 570 మీటర్లకు పైబడిన వేగంతో పంపుతుంది. 2002లో హార్నడీ కంపెనీ ఆ తూటా మెడను కుదించి .17 వ్యాసపు సన్న గుండును అమర్చింది. అది ఒక గ్రాము బరువుతో సెకనుకు 770 మీటర్ల పైచిలుకు వేగంతో వెళ్లి, తగిలిన చోటనే ముక్కలవుతుంది. ఎగిరి దూసుకుపోయే భయం తక్కువ, గీత సరళం. కాని గాలి వీస్తే ఈకలాగా పక్కకు జరుగుతుంది, తూటా ఖరీదూ ఎక్కువ. వీటితో వంద మీటర్ల లోపు గుంటనక్కకు న్యాయం జరుగుతుంది. ఆ పైన పెద్ద తూటాల రైఫిలే శరణ్యం. ఒక రకానికి చేసిన గొట్టం మరొక రకానికి పనికిరాదు గనుక, మొదటి రైఫిలు కొనేవాడు తన పొలంలో ఎక్కువగా ఉన్నది కుందేలా, గుంటనక్కా అని ముందే నిశ్చయించుకోవాలి. రెండింటికీ ఒకటే చాలునని దుకాణం చెప్పే మాటలో సగమే సత్యం. కుందేళ్ల పొలానికి లాంగ్ రైఫిల్‌ను మించినది లేదు. దానితోనే గుంటనక్కనూ కొట్టవచ్చుననే లోభం వద్దనే పెట్టుకోవాలి.

ఇంత నేర్పుతో ఎంచుకున్న రైఫిలు కుందేళ్ల సంఖ్యను తగ్గించినదా అంటే, లేదనే చెప్పాలి. ఆ పని చేసినది సూక్ష్మజీవి. 1950లో మర్రీ నదీ పరీవాహక ప్రాంతంలో వదిలిన మిక్సొమటోసిస్ వ్యాధి వైరస్ దోమల ద్వారా దావానలంలా వ్యాపించింది. తొలి తాకిడిలో వ్యాధి సోకిన కుందేళ్లలో నూటికి తొంభై తొమ్మిది చనిపోయాయి. అరవై కోట్లుగా అంచనా వేసిన సంఖ్య రెండేళ్లలో పది కోట్లకు దిగినదని చెబుతారు. అదే సమయంలో మనుషులలో మెదడువాపు వ్యాధి తలెత్తగా ప్రజలు వైరస్‌ను శంకించారు. ఫ్రాంక్ ఫెన్నర్, మాక్‌ఫర్లేన్ బర్నెట్, ఇయన్ క్లూనీస్ రాస్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఆ వైరస్‌ను తమ శరీరాలకే ఎక్కించుకొని అది నిరపాయమని నిరూపించారు. కొన్నేళ్లలోనే కుందేళ్లు ప్రతిఘటన అలవరచుకున్నాయి, వైరస్ తీవ్రత కూడా తగ్గింది. 1995లో దక్షిణ ఆస్ట్రేలియా తీరాన వార్‌డాంగ్ ద్వీపంలో ప్రయోగదశలో ఉన్న మరొక వైరస్ తప్పించుకొని ప్రధాన భూభాగం చేరింది. మరుసటి ఏడు ప్రభుత్వమే దానిని అధికారికంగా విడుదల చేసింది.

ఆ 1996వ సంవత్సరమే రైఫిలు చరిత్రలోనూ మలుపు. ఏప్రిల్ 28న టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒక వ్యక్తి తుపాకులతో 35 మందిని పొట్టన పెట్టుకున్నాడు. పన్నెండు రోజులలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు జాతీయ ఆయుధ ఒప్పందానికి వచ్చాయి. ప్రభుత్వం 6 లక్షల 40 వేలకు పైగా తుపాకులను తిరిగి కొని ధ్వంసం చేసింది. తనంతట తూటా నింపుకొనే రైఫిళ్లు, 1964 నుంచి విశేష ప్రచారం పొందిన రూగర్ 10/22 వంటి చిన్న రిమ్‌ఫైర్‌లు సైతం, నిషిద్ధ కోవలో చేరాయి. వ్యవసాయపు అవసరం నిరూపించుకున్న రైతులకు మాత్రం పరిమితంగా సడలింపు ఉంచారు. బోల్టుతో నడిచే రిమ్‌ఫైర్ మొదటి తరగతి లైసెన్సు కింద నిలిచింది. దానికైనా తగిన కారణం చూపాలి, భద్రతా శిక్షణ పొందాలి, 28 రోజులు వేచి ఉండాలి, తుపాకిని తాళంలో ఉంచాలి. తాతల నాటి ఒంటి తూటా వివేకం ఈ విధంగా చట్టంలోకి ఎక్కింది.

మన దేశపు ఆయుధ చట్టం, 1959 వేరొక దారి పట్టింది. అందులోని 13వ సెక్షను పంటల రక్షణకు ముందు నుంచి మందు దట్టించే తుపాకిని, అది చాలని చోట నున్నని గొట్టం గల మరొక తుపాకిని పేర్కొన్నది; .22 రైఫిలును గుర్తింపు పొందిన రైఫిలు క్లబ్బుల సభ్యులకు, గురి సాధన కోసం కేటాయించింది. ఎన్.సి.సి.లో చేరిన విద్యార్థుల తరాలు ఆ చిన్న రైఫిలును మైదానంలో కాగితపు లక్ష్యం మీదనే ఎరుగుదురు. మంచె మీద నిలిచి వడిసెల తిప్పిన తెలుగు రైతుకు దానితో పని పడలేదు. ఇక్కడి కుందేలూ గుంటనక్కా ఈ నేలకు పుట్టినవి; 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి రక్షణ కల్పించింది.

ఆస్ట్రేలియాలో వైరస్‌లు వచ్చి వెళ్లిన పొలాలలో మిగిలే కుందేళ్లు కొద్దే. కాని ఎండ ప్రాంతాలలో హెక్టారుకు ఒక్క కుందేలు కన్నా తక్కువ ఉన్నా కొన్ని దేశవాళీ చెట్ల మొలకలు పైకి రాలేవని పరిశోధకులు గమనించారు. మొలకను కొరికివేస్తే ముసలి చెట్టు పడిపోయిన చోట మరొక చెట్టు లేవదు. యంత్రంతో బొరియలను దున్ని పూడ్చడం అన్నిటికన్నా మేలైన మార్గమని వ్యవసాయ శాఖలు రైతులకు చెబుతూ వచ్చాయి. తుపాకి ఒక్కటే చాలదనీ చెప్పాయి. దున్నిన తరువాత గట్టుల పక్కన, రాళ్ల నడుమ మిగిలిపోయిన ఆ నాలుగైదింటి కోసం సాయంకాలం వేళ రైతు మళ్లీ బోల్టు రైఫిలు పట్టుకొని బయలుదేరుతాడు.